కవర్లో కాగితం

మా ఇంట్లో రాత్రి ఏడున్నర దాటాక కూరలో ఉప్పెక్కువైందని చెప్పాలన్నా ఎనిమిదింటి దాకా ఆగాలి. ఆ అరగంట మా అత్తయ్యగారి సీరియల్ టైము. అప్పుడు మాట్లాడే హక్కు ప్రకటనలకే ఉంది. నాకైతే అస్సలు లేదు. నోరు తెరిస్తే రైటర్ మీద పడతానని ఇంట్లో అందరికీ తెలుసు.

పడక ఏం చేయమంటారు? వినాయక చవితికి ముందు ఆ సీరియల్ వాళ్లింట్లోకి ఆస్పత్రి నుంచి ఓ కవరొచ్చింది. పాప ఎవరి కూతురో తేల్చే డీఎన్‌ఏ రిపోర్టు అందులో ఉంది. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, కవరు చిరగలేదు. బీరువాలో పెట్టారు, పరుపు కింద పెట్టారు. విలన్ డాబా మీద కాల్చబోతే వాన పడింది. హీరోగారి నానమ్మకి నిజం మొత్తం తెలుసు. చెబుదామని ఆవిడ నోరు తెరవగానే ఎవరో కాలింగ్ బెల్ కొడతారు.

"ఆవిడ ఒక్క ముక్క చెప్పేస్తే అయిపోయేది కదండీ అత్తయ్యగారూ" అంటాను.

"సంసారమన్నాక అన్నీ చెప్పేయడం కుదురుతుందా అల్లుడుగారూ" అంటారావిడ, టీవీ మీంచి కన్ను తీయకుండా.

రామానంద్ సాగర్ రామాయణం 1987లో మొదలైంది. 78 ఎపిసోడ్లలో వనవాసం, వారధి, రావణ వధ అన్నీ అయిపోయి పట్టాభిషేకం కూడా జరిగిపోయింది. చోప్రాగారి మహాభారతంలో పద్దెనిమిది అక్షౌహిణుల సైన్యం నేల కూలడానికి 94 ఎపిసోడ్లు సరిపోయాయి. మన కార్తీకదీపం 2017లో వెలిగించి 2023 జనవరి దాకా పదిహేను వందల ఎపిసోడ్ల పైన వెలిగించారు, మళ్లీ మరుసటేడు రెండోది వెలిగించారు. వారానికి ఆరు రోజులు, రోజుకి అరగంట. ప్రకటనలు పోను మిగిలేది ఇరవై నిమిషాల చిల్లర. అందులో నిన్న జరిగింది ఒకసారి, రేపు జరగబోయేది ఒకసారి చూపిస్తారు. మిగతాదాంట్లో ఎవరో ఒక మాటంటే చుట్టూ ఉన్న ఏడుగురి మొహాలూ మూడేసి సార్లు చూపిస్తారు. గురువారం రేటింగులొస్తాయి. కథ ఎటు పోవాలో, ఎవరు కోమాలోకి పోవాలో ఆ అంకెలే చెబుతాయి కాబట్టి రైటర్‌ని పూర్తిగా తప్పుపట్టలేం. అయినా నేను పడతాను. 2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగి పాత ఎపిసోడ్లే మళ్లీ వేశారు. మా అత్తయ్యగారికి వారం దాకా తేడా తెలియలేదు. ఇంతకంటే రుజువేం కావాలి?

మొన్న కార్తీక సోమవారం అత్తయ్యగారూ మా ఆవిడా దీపాలు పెట్టడానికి శివాలయానికి బయల్దేరారు. గుమ్మం దాటబోతూ అత్తయ్యగారు ఆగారు.

"ఇవాళ కవరు తెరుస్తారట అల్లుడుగారూ. శనివారం ప్రోమోలో వేశాడు. కాస్త చూసి చెప్పండి. ఆ ఫోన్లో చూడ్డం నా కళ్లవల్ల కాదు."

ఒక గిన్నెడు మరమరాలు పెట్టుకుని సోఫాలో కూర్చున్నాను. టైటిల్ పాట గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది కాలింగ్ బెల్. అప్పటికి టైము ఎనిమిదింబావు. గిన్నె బోర్లా పడి ఉంది, సోఫా నిండా మరమరాలు.

"తెరిచారా?" అన్నారు అత్తయ్యగారు, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు.

నిద్రపోయానండీ అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నాలోని రైటర్ ముందు లేచాడు.

"తెరిచారండీ! నానమ్మ అందరి ముందూ నిజం చెప్పేసింది. హీరో కవరు చింపి చదివాడు. పాప అతని కూతురే. భార్య చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాడు. విలన్‌ని పోలీసులు తీసుకెళ్లారు."

మూడు నిమిషాల్లో ముగించాను. అత్తయ్యగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు రెండోసారి ప్రసాదం పెట్టారు. మా ఆవిడ మాత్రం సోఫాలో మరమరాలు చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్లింది. అచ్చం ఆ నానమ్మలాగే.

రాత్రి అత్తయ్యగారు తెనాలిలో ఉన్న వాళ్లక్కయ్యకి ఫోన్ చేశారు. స్పీకరు ఆన్‌లో ఉంది.

"ఎంత బాగా క్షమాపణ అడిగాడే అక్కయ్యా!"

"ఎవరే?"

"హీరో. కవరు తెరిచాక."

"కవరెక్కడ తెరిచారే? కరెంటు పోయింది. లైట్లొచ్చేసరికి కవరే లేదు."

"శుక్లాల ఆపరేషనయ్యాక నీకు సరిగ్గా కనబడ్డం లేదు అక్కయ్యా."

"నా కళ్ల సంగతి సరే, నువ్వు చూశావా?"

"మా అల్లుడుగారు చూశారు."

"ఓహో, అల్లుడుగారా!"

ఆ 'ఓహో' మా అత్తయ్యగారికి ఎక్కడో తగిలింది. "మా అల్లుడుగారు అబద్ధం ఆడే మనిషి కాదు" అని ఫోన్ పెట్టేశారు.

మంగళవారం ఎపిసోడ్‌లో ఇంటిల్లిపాదీ కవరు వెతుకుతున్నారు. అత్తయ్యగారు మెల్లగా నా వైపు తిరిగారు.

"సోమవారం చూపించిందంతా హీరోకి వచ్చిన కలనుకుంటానండీ" అన్నాను.

"నేనూ అదే అనుకున్నా" అన్నారు. వెంటనే నమ్మేశారు. ఆ విషయంలో రైటర్‌కి నేను రుణపడి ఉన్నాను.

తెనాలి నుంచి రోజూ పొద్దున్నే వచ్చే ఫోన్ బుధవారం కూడా రాలేదు. వంటింట్లో అత్తయ్యగారు చిక్కుడుకాయలు వలుస్తూ "మీ ఆయన మాట మీద నమ్మకం లేదటే మా అక్కకి" అని మా ఆవిడతో అంటున్నారు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఇక లాభం లేదని ముందుకొచ్చి నోరు తెరిచాను. కాలింగ్ బెల్ మోగింది. గ్యాస్ బండ.

సాయంత్రం ఏడుంపావు దాటాక ధైర్యం తెచ్చుకున్నాను. "అత్తయ్యగారూ, సోమవారం నేను నిద్రపోయానండీ."

ఆవిడ నన్ను చూశారు. మా ఆవిడని చూశారు. మళ్లీ నన్ను చూశారు.

"అయితే ఆ క్షమాపణా, పోలీసులూ?"

"నేనే అల్లానండీ." ఎక్కడో చిన్న ఆశ. రాసినవాడికి ఉంటుంది కదా.

"ఏం బాలేదు అల్లుడుగారూ. అన్నీ ఒక్కరోజే తేల్చేస్తే మంగళవారం మేమేం చూడాలి?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ ఫోన్ తీసి తెనాలికి కలిపారు.

"అక్కయ్యా, నీకో నిజం చెప్పాలే. సోమవారం..."

ఇక్కడ మా టీవీలోనూ, ఫోన్లోంచి తెనాలి టీవీలోనూ ఒకేసారి టైటిల్ పాట మొదలైంది.

"రేపు చెప్తాలే" అని పెట్టేశారు.