ఎఫ్‌ఎం సింథ్ టెక్నోకి పనికిరాదన్న మెసేజ్‌కి నా జవాబు

కొన్నాళ్లుగా మన విజయవాడ, గుంటూరు కీబోర్డు ప్లేయర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఎవరు రాశారో తెలియదు గానీ అందరూ ఫార్వర్డ్ చేస్తున్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "టెక్నో అంటే అనలాగే. ఎఫ్‌ఎం సింథ్ ఎనభైల నాటి పియానో, గంటల టోన్లకే పనికొస్తుంది. దాన్ని ప్రోగ్రామ్ చేయాలంటే ఇంజినీరింగ్ లెక్కలు రావాలి. సౌండు పల్చన, బేస్ రాదు. ఫిల్టర్ కూడా లేదు. కంప్యూటర్‌లో దొరికేది నకలు. అసలు మెషీన్ కొనలేనివాళ్లు శాంపిల్ ప్యాకులతో సరిపెట్టుకోవడం మేలు." కొత్తవాళ్ల కోసం ఒక మాట: టెక్నో అంటే యంత్రాల బీట్ మీద నడిచే డాన్స్ మ్యూజిక్. అనలాగ్ అంటే అంకెలతో కాకుండా విద్యుత్ సర్క్యూట్లతో సౌండు పుట్టించడం. ఎఫ్‌ఎం అంటే ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్, ఒక స్వరంతో ఇంకో స్వరాన్ని ఊపి టోన్ పుట్టించే పద్ధతి. శాంపిల్ ప్యాకులంటే ముందే రికార్డ్ చేసిన సౌండ్ల కట్టలు.

పోయిన ఆదివారం సత్యనారాయణపురంలో మా గదికి వచ్చే కుర్రాడు ఈ మెసేజ్ చూపించి, "అన్నా, అయితే డెక్స్‌డ్ తీసేయనా?" అని అడిగాడు. డెక్స్‌డ్ అంటే యమహా వాళ్ల డీఎక్స్7 అనే పాత ఎఫ్‌ఎం కీబోర్డు పద్ధతిలో పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ సింథ్. వాడు నెల రోజులుగా రాత్రిళ్లు కూర్చుని దాన్ని నేర్చుకుంటున్నాడు. ఒక పాత ల్యాప్‌టాప్, ఒక హెడ్‌ఫోన్, అదే వాడి స్టూడియో. తీయొద్దురా అన్నాను. ఎందుకు తీయకూడదో వాడికి నోటితో చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

"టెక్నో అంటే అనలాగే" అన్న మాట చరిత్ర ముందు నిలవదు. టెక్నో పుట్టింది అమెరికాలోని డెట్రాయిట్‌లో, 1980ల మధ్యలో. హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే డెట్రాయిట్ కళాకారుల తరం అది. ఆ ఊరి టెక్నోలో బాగా పేరుపడ్డ వాద్యాల్లో యమహా డీఎక్స్100 ఒకటి. 1985లో వచ్చిన చిన్న ఎఫ్‌ఎం కీబోర్డు, నాలుగు ఆపరేటర్లు (స్వరం పుట్టించే భాగాలు), 49 మినీ కీలు. పెద్ద కీబోర్డుల కంటే చవక. దాంట్లో ఉన్న 'సాలిడ్ బాస్' అనే టోన్ టెక్నో వాళ్లందరికీ తెలిసినదే. 1987లో వచ్చిన టీఎక్స్81జెడ్ కూడా ఎఫ్‌ఎం మెషీనే, దాని 'లేట్లీ బాస్' డాన్స్ మ్యూజిక్‌లో దశాబ్దాల పాటు మోగింది. ఇక అనలాగ్‌కి ఆనవాలుగా చూపించే రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషీన్ సంగతి చూడండి. దాంట్లో కిక్, స్నేర్ అనలాగ్. హై-హ్యాట్, సింబల్స్ మాత్రం డిజిటల్ శాంపిళ్లు. టెక్నో మొదటి నుంచీ చేతికి దొరికినదానితో చేసిన సంగీతం.

పియానో, గంటల మాట ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం అర్థమవుతుంది. 1983 నాటి డీఎక్స్7లో ఆరు ఆపరేటర్లు, వాటిని కలిపే 32 అల్గారిథమ్‌లు ఉన్నాయి. మార్చడానికి ఉన్నది మాత్రం రెండు లైన్ల చిన్న తెర, ఒక్క డేటా స్లైడర్. వందకు పైగా పారామీటర్లను ఒక్కొక్కటిగా ఆ తెరలోంచి తొంగిచూసి మార్చే ఓపిక ఎందరికి ఉంటుంది? చాలామంది కంపెనీ ఇచ్చిన టోన్లే వాయించారు. వాటిలో ఎలక్ట్రిక్ పియానో, గంటలు జనానికి నచ్చి ప్రతి పాటలోకీ ఎక్కాయి. ఆ కష్టం తెరది, ఎఫ్‌ఎంది కాదు. డెక్స్‌డ్‌లో ఆరు ఆపరేటర్లూ, వాటి ఎన్వలప్‌లూ (స్వరం ఎలా లేచి ఎలా ఆరాలో చెప్పే అమరికలు) ఒకే తెర మీద కళ్లెదురుగా ఉంటాయి.

"ఇంజినీరింగ్ లెక్కలు రావాలి." నాకు ఎక్కువ బాధ కలిగించింది ఈ మాటే. పిల్లలు మొదట వెనక్కి తగ్గేది ఇక్కడే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను.

ఒక స్వరాన్ని సెకనుకి ఐదారు సార్లు ఊపితే మనకి అది ఊపుగానే వినిపిస్తుంది. అదే ఊపుని సెకనుకి వంద సార్లకి, రెండొందల సార్లకి పెంచండి. ఇక ఊపు వినపడదు, స్వరం రంగే మారిపోయి కొత్త టోన్ వస్తుంది. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ వైబ్రాటో వేగం పెంచుకుంటూ పోతుంటే దొరికింది ఇదే. ఆయన సంగీతకర్త, తాళవాద్యం వాయించిన మనిషి. ముందు చెవితో పట్టుకున్నాడు, లెక్క తర్వాత వచ్చింది. 1973లో పేపర్ అచ్చయింది, యమహా ఆ పద్ధతికి లైసెన్స్ తీసుకుంది. కనిపెట్టినవాడే చెవితో మొదలుపెట్టిన విద్యకి ఇంజినీరింగ్ డిగ్రీ అడగడం ఏం న్యాయం?

ఊపే ఆపరేటర్ని మాడ్యులేటర్ అంటాం, ఊగే దాన్ని క్యారియర్ అంటాం. రెండింటి ఫ్రీక్వెన్సీల నిష్పత్తే రేషియో. దాని గుట్టు మన చెవికి చిన్నప్పటి నుంచీ తెలుసు. మృదంగం కుడివైపు నల్లటి ముద్ద ఉంటుంది కదా, ఆ ముద్ద బరువు వల్లే పై స్వరాలు మూల స్వరానికి రెండింతలు, మూడింతలు అన్నట్టు పొందికగా కూర్చుని శ్రుతిలో పలుకుతాయి. సి.వి. రామన్ 1920లోనే దీని మీద రాశారు. డప్పుకి ఆ ముద్ద లేదు, అందుకే దాని దెబ్బ తీరే వేరు. ఎఫ్‌ఎంలో రేషియో మార్చడమంటే మృదంగానికీ డప్పుకీ, వేణువుకీ కంచానికీ మధ్య నడవడమే.

అంకెల్లో ఒకసారి చూద్దాం. క్యారియర్ 200 హెర్ట్జ్, రేషియో 2 అనుకోండి. మాడ్యులేటర్ 400. అప్పుడు 200, 600, 1000, 1400 పలుకుతాయి. అన్నీ 200కి బేసి రెట్లు, క్లారినెట్ లాంటి గుల్ల గొంతు వస్తుంది. ఇప్పుడు రేషియో 1.41 చేయండి. మాడ్యులేటర్ 282 అవుతుంది. పైకి 482, 764, 1046 వస్తాయి. కిందివి సున్నా దాటి వెనక్కి మడతపడి 82, 364, 646గా వినిపిస్తాయి. వీటిలో దేనికీ 200తో పొత్తు కుదరదు. మన చెవి దాన్ని వెంటనే లోహం అని గుర్తుపడుతుంది. కావలసిన లెక్క కూడికలు, తీసివేతలే. అవి కూడా చేయకుండా నాబ్ తిప్పుతూ వింటే చాలు.

పోయిన నెల ఆటోనగర్‌లో లారీ కమాన్ కట్టలు సరిచేసే షెడ్డు ముందు నిలబడి సుత్తి దెబ్బల్ని ఫోన్‌లో రికార్డ్ చేశాను. ఇంటికొచ్చి నెమ్మదిగా విన్నాను. దెబ్బ పడ్డ క్షణంలో చిన్న చర్రుమనే రొద. దాని వెంటే ఠంగుమంటూ బోలెడు పై స్వరాలు. అవి ఒక్కొక్కటే ఆరిపోయి చివరికి ఒకటో రెండో సన్నగా మిగులుతాయి. దీన్ని డెక్స్‌డ్‌లో ఇలా కట్టాను. అల్గారిథమ్ 5, అంటే రెండేసి ఆపరేటర్ల మూడు జతలు. మొదటి జతలో క్యారియర్ రేషియో 1, మాడ్యులేటర్‌కి కోర్స్ 1, ఫైన్ 41, అంటే రేషియో 1.41. మాడ్యులేటర్ ఎన్వలప్ గబుక్కున పడిపోవాలి, క్యారియర్ది నింపాదిగా ఆరాలి. అలా చేస్తే మెరుపు ముందు పోయి, స్వరం వెనక మిగులుతుంది. రెండో జత కూడా అలాంటిదే, రేషియోలు కాస్త ఎడంగా, గొంతు కాస్త తగ్గించి. మూడో జతలో ఆరో ఆపరేటర్ లెవెల్ బాగా పెంచి ఫీడ్‌బ్యాక్ (తన సౌండుతో తననే ఊపుకోవడం) 7 వరకూ తోశాను. అది స్వరం చాలావరకు కోల్పోయి రొదలా మారుతుంది. దాన్ని రెప్పపాటులో ఆపేస్తే సుత్తి తగిలిన చప్పుడు. గంటన్నర పట్టింది. అచ్చం కమాన్ కట్ట అని చెప్పను గానీ, కిక్ మీద ఎక్కించి వింటే ఆ షెడ్డు కళ్లముందు కనిపించింది.

తర్వాత టెంపోకి కుదర్చాలి. 130 బీపీఎంలో (నిమిషానికి 130 బీట్లు) పదహారో వంతు స్టెప్ సుమారు 115 మిల్లీసెకన్లు. స్వరం ఆలోపే ఆరిపోతే స్టెప్పులు గులకరాళ్లు రాలినట్టు విడివిడిగా వినిపిస్తాయి. దానికి రెట్టింపు సాగనిస్తే ఒకదాని తోక ఇంకోదాని మీద పడి మొత్తం పాకుతున్నట్టు ఉంటుంది. టెక్నోలో నేను ఎక్కువసేపు గడిపేది ఈ ఒక్క ఎన్వలప్ దగ్గరే.

బేస్ మాటకి వద్దాం. "సౌండు పల్చన" అన్నవాళ్లు విన్నది అబద్ధం కాదు, దానికి చెప్పిన కారణమే తప్పు. ఎఫ్‌ఎంలో మాడ్యులేషన్ పెంచేకొద్దీ శక్తి మూల స్వరం నుంచి పక్క స్వరాల్లోకి పారిపోతుంది. 1.41 లాంటి రేషియోలో మాడ్యులేషన్ సూచీ (ఊపు బలాన్ని చెప్పే అంకె) దాదాపు 2.4 దగ్గరికి వచ్చేసరికి క్యారియర్ స్వరం పూర్తిగా మాయమైపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు సౌండు ఘాటుగా ఉందని మాడ్యులేటర్ని చివరిదాకా పెంచేస్తారు. హెడ్‌ఫోన్‌లో అది బాగానే అనిపిస్తుంది. పెళ్లి డీజే బాక్సుల మీద పెట్టగానే అడుగు ఖాళీ అని బయటపడుతుంది.

మందు కూడా అక్కడే ఉంది. ఒక క్యారియర్ని ఏ మాడ్యులేటరూ ముట్టుకోకుండా వదిలేయండి. అల్గారిథమ్ 5లోనే ఒక జతలో మాడ్యులేటర్ లెవెల్ సున్నా చేస్తే అది స్వచ్ఛమైన సైన్, అంటే పక్క స్వరాలేవీ లేని ఒంటి స్వరం అవుతుంది. కింది 'A' స్వరం కీ నొక్కితే 55 హెర్ట్జ్ నిండుగా పలుకుతుంది. పైన మిగతా జతలు ఎంత కరుకుగా ఉన్నా అడుగు కదలదు. అదే సైన్‌కి మిగతా జతలు ఆపేసిన వేరే టోన్‌లో పిచ్ ఎన్వలప్ పెట్టి పైనుంచి కిందికి చటుక్కున జార్చండి, కిక్ తయారవుతుంది. స్వచ్ఛమైన సైన్ నుంచి మొదలయ్యే సింథ్‌కి బేస్ రాదనడం ఎలా కుదురుతుందో నాకు అర్థం కాదు.

ఫిల్టర్ సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. డీఎక్స్7లో ఫిల్టర్ లేదు, నిజం. ఫిల్టర్ చేసే పని సౌండుని మెరిపించడం, మందగించడం. ఎఫ్‌ఎంలో ఆ పని మాడ్యులేటర్ లెవెల్ చేస్తుంది. దాన్ని ఎనిమిది బార్ల మీద మెల్లగా పెంచండి, జనం ఎదురుచూసే ఆ ఎక్కుడు వచ్చేస్తుంది. అయినా ఫిల్టరే కావాలంటే డెక్స్‌డ్‌లోనే ఒకటి పెట్టారు, కటాఫ్ నాబ్‌తో సహా.

"కంప్యూటర్‌లో దొరికేది నకలు." అనలాగ్ సింథ్ విషయంలో ఈ వాదనకి కొంత అర్థముంది, అక్కడ సర్క్యూట్ వేడి, భాగాల తేడా ఉంటాయి. డీఎక్స్7 పుట్టుకతోనే డిజిటల్. దాని లోపల జరిగేది అంకెల పట్టిక చదవడం, కూడడం. ల్యాప్‌టాప్‌లోనూ జరిగేది అదే. పాత మెషీన్‌లో చివర అంకెల్ని సౌండుగా మార్చే భాగం కాస్త గరుకు, స్వరం ఆరిపోయేటప్పుడు ఆ గరుకు వినిపిస్తుంది. ఆ తేడా ఉందని ఒప్పుకుంటాను. డెక్స్‌డ్‌లో మార్క్ 1 అనే ఇంజిన్ ఎంచుకుంటే దానికి దగ్గరగా వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో నిజంగా జాగ్రత్తపడాల్సిన విషయం వేరే ఉంది. సెకనుకి 44,100 అంకెల శాంపిల్ రేటులో 22,050 హెర్ట్జ్ దాటిన పక్క స్వరాలు కిందికి మడతపడి పిచ్చి స్వరాలుగా దిగుతాయి. పై కీల దగ్గర మాడ్యులేషన్ తగ్గేలా కీబోర్డ్ స్కేలింగ్ పెట్టుకుంటే చాలావరకు పోతుంది. ఆ మెసేజ్‌లో ఈ ముక్క ఒక్కటి రాసి ఉన్నా పిల్లలకి ఉపయోగపడేది.

శాంపిల్ ప్యాకుల మీద నాకు కోపం లేదు, నేనూ వాడతాను. కానీ దాంట్లో ఒక లోహపు దెబ్బ దొరికిందంటే అది అదే దెబ్బ. గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా చాలా ప్యాకుల్లో మారేది వాల్యూమ్ ఒక్కటే. ఎఫ్‌ఎంలో మాడ్యులేటర్‌కి వెలాసిటీ (కీ కొట్టిన బలం) సెన్సిటివిటీ ఇస్తే గట్టి దెబ్బ ప్రకాశంగా, మెత్తటి దెబ్బ మొద్దుగా పలుకుతుంది, డప్పు మీద చేతివాటం మారినట్టే. పదహారు స్టెప్పులకీ పదహారు వెలాసిటీలు ఇవ్వండి. అదే ఒక్క స్వరం, అదే లూపు, ప్రతి స్టెప్పుకీ రంగు మారుతుంది. ఐదు నిమిషాలు ఒకే లూపు మీద నడిచే సంగీతానికి ఇంతకంటే ఏం కావాలి?

మా కుర్రాడు ఆ రోజే కమాన్ కట్ట టోన్ కాపీ చేసుకుని వెళ్లాడు. రాత్రి పదకొండింటికి ఆడియో పంపాడు. ఫైన్ 41ని 38కి దించి, రెండో జత వెలాసిటీ పెంచి, నాలుగో స్టెప్ దగ్గర ఎన్వలప్ సాగదీశాడు. నేను చేసినదానికంటే బాగుంది.