ముందు కనబడితే కదా కొనేది!

"గేమ్ బాగుంటే జనం వాళ్లే కొంటారు" అనే మాట ఇంకొక్కసారి వింటే పిచ్చెక్కేలా ఉంది. ఎలా కొంటారండీ, ముందు కనబడాలి కదా! కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఒక్క 2023లోనే 14,000కు పైగా గేములొచ్చాయి, అంటే రోజుకు దాదాపు 40. ఆ తిరనాళ్లలో ఇద్దరు కుర్రాళ్లు ఉద్యోగాలు మానుకుని మూడేళ్లు కూర్చుని చేసిన గేమ్ ఏ మూల పడి ఉందో ఎవరు వెతుకుతారు?

అక్కడ గేమ్ పెట్టడానికి 100 డాలర్లు కట్టాలి. అమ్ముడైతే 30 శాతం స్టోర్‌కే, ఆపైన పన్నులు, బొమ్మలు గీసినవాళ్లకీ మ్యూజిక్ చేసినవాళ్లకీ ఇవ్వాల్సినవి. మిగిలేది? టీ ఖర్చులు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు వాపసు అడగొచ్చు. న్యాయమే, కాదనను. కానీ గంటన్నరలో అయిపోయే గేమ్‌ని మొత్తం ఆడేసి మరీ వాపసు అడిగేవాణ్ణి ఏమనాలి? ఫుల్ మీల్స్ తిని, చెయ్యి కడుక్కుని, డబ్బులు తిరిగిమ్మన్నట్టు!

మనవాళ్లు మరీనూ. మల్టీప్లెక్స్ పాప్‌కార్న్‌కి నోరెత్తరు గానీ, ఐదొందల గేమ్ అనగానే దొంగ కాపీ కోసం "క్రాక్ దొరుకుతుందా బ్రో?"

ఇక నోరు తెరిస్తే స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్ పేరే. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కష్టపడి చేశాడు, కోట్లలో అమ్ముడైంది, నిజమే. లాటరీ తగిలినవాడి ఫొటో ఒక్కటే గోడకెక్కిస్తారేం? 2025 ఆగస్టులో జనం ఏళ్లుగా ఎదురుచూసిన సిల్క్‌సాంగ్ అనే గేమ్ విడుదల తేదీ ప్రకటించగానే పాపం కొన్ని చిన్న టీములు తమ విడుదలలే వాయిదా వేసుకున్నాయి, సంక్రాంతికి పెద్ద హీరో సినిమా పడితే చిన్న నిర్మాత తప్పుకున్నట్టు. అదీ ఇండీ గేమే, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా చిన్న టీమ్ చేసుకున్నదేనండోయ్!