పుట్టిన తేదీ తేలాల్సింది బడిలో

గోదావరి మధ్య లంక ఊరి నుంచి జిల్లా పోటీలకు రావాల్సిన పిల్ల తెల్లవారకముందే లేస్తుంది. పంటు మీద ఏరు దాటి, ఏటిగట్టు మీదుగా ఆటోలో రోడ్డెక్కి, అక్కడ బస్సు పట్టుకుని, డ్రిల్లు మాస్టారి వెనకాల మైదానానికి చేరేసరికి ట్రాకుపై గీసిన సున్నం గీతలు ఇంకా ఆరవు. షామియానా కింద బల్ల దగ్గర కాగితాల తనిఖీ జరుగుతుంటుంది. బడి ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్లో ఒక పుట్టిన తేదీ ఉంటుంది, ఇంటి నుంచి తెచ్చిన జనన ధ్రువపత్రంలో మరొకటి. రెంటికీ ఏడాది తేడా. తనకు రెండు పుట్టిన తేదీలున్న సంగతి ఆ పిల్లకు ఆ నిమిషం వరకు తెలియదు. మాస్టారు ఫోన్లు చేస్తుండగానే వంద మీటర్ల పరుగుకు పిలుపు వస్తుంది, పరుగూ అయిపోతుంది.

డెల్టా మైదానాలను ఎరిగినవారికి ఇది కొత్త దృశ్యం కాదు. బల్ల దగ్గర కూర్చున్నవారిది తప్పని మేము అనడం లేదు. రెండు తేదీలున్న పిల్లను అనుమతిస్తే, ఓడిన పిల్ల తండ్రి వచ్చి నిలదీస్తాడు. నిలదీయాలి కూడా. మేము అడుగుతున్నది ఒకటే. ఆ తేడా పోటీ రోజు ఉదయం మైదానంలో ఎందుకు బయటపడుతోంది? బడిలో, జూలైలోనే ఎందుకు బయటపడలేదు?

వయసు నిబంధన ఉండి తీరాలి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా 1954లో ఏర్పడింది. ఇప్పుడు 14 ఏళ్లలోపు, 17 ఏళ్లలోపు, 19 ఏళ్లలోపు అనే మూడు విభాగాల్లో బడి పిల్లల పోటీలు సాగుతున్నాయి. మండలంలో నెగ్గినవారు జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్రానికి, ఆపైన జాతీయ పోటీలకు వెళ్తారు. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి ఎన్నేళ్లన్నది లెక్క. అందువల్ల జనవరి మొదటి వారంలో పుట్టిన పిల్లా, అదే ఏడాది డిసెంబరు చివర్లో పుట్టిన పిల్లా ఒకే గీత మీద నిలబడతారు. నిబంధనను తు.చ. తప్పకుండా పాటించినా దాదాపు ఏడాది తేడా మిగిలిపోతుంది. పదమూడేళ్ల వయసులో ఏడాదంటే మాటలు కాదు. కాళ్ల పొడవు మారుతుంది, అంగ మారుతుంది, ఊపిరి మారుతుంది. దానికి తోడు మరో రెండేళ్లు దాచిపెట్టి పెద్ద పిల్లవాణ్ని చిన్నవాళ్ల మధ్య నిలబెడితే అది పోటీ అనిపించుకోదు. పరుగులో పోయేది పతకమే. కబడ్డీలో అయితే పెద్దవాడు పడగొట్టిన చిన్నవాడి మోకాలు పోతుంది. అందుకే నిబంధనలు సడలించమని ఈ పత్రిక ఎన్నడూ అడగదు.

తేదీలు ఎలా చెడతాయో మాత్రం మన ఇళ్లలో, మన బడుల్లో చూసుకోవాలి. పాత తరాల ఎస్సెస్సీ పుస్తకాలు తిరగేస్తే జూన్, జూలై నెలల్లో పుట్టినవారే ఎక్కువగా కనిపిస్తారు. అది ప్రకృతి లెక్క కాదు, బడి తెరిచే నెల లెక్క. ఐదేళ్లు నిండితే గాని చేర్చుకోరు కనుక, ఆ నెలకు ఐదేళ్లు నిండేలా మాస్టారే ఒక తేదీ వేసేవారు. తండ్రి వేలిముద్ర వేసేవాడు. అది మోసమని ఎవరికీ తోచలేదు. ఆ అలవాటు తగ్గింది గాని పూర్తిగా పోలేదు. పిల్లను ఏడాది ముందే చేర్చాలని ఒక ఇల్లు వయసు పెంచుతుంది. రేపు ఉద్యోగాలకు పనికొస్తుందని మరో ఇల్లు తగ్గిస్తుంది. అడ్మిషన్ రిజిస్టరులో పడిన ఆ అంకె టీసీలోకి, ఆధార్‌లోకి, చివరకు పదో తరగతి పరీక్షకు పంపే విద్యార్థుల జాబితా అయిన నామినల్ రోలులోకి నడిచిపోతుంది.

ఇంకో సంగతి మన ఆచారంలోనే ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అత్తవారిది భీమవరం వైపు పల్లె, పుట్టిల్లు అమలాపురం వైపు అయితే, బిడ్డ జననం అమలాపురం వైపే నమోదవుతుంది. బడిలో చేర్చేనాటికి ఆ కాగితం ఏటికి అవతలి ఒడ్డున ఉంటుంది. దాని కోసం ఒక రోజు కూలి పోగొట్టుకోవడం ఎందుకని నోటిమాటగా తేదీ చెప్పేస్తారు. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. మన ఇళ్లలో చాలామంది బారసాల చేసేదీ 21వ రోజునే. అందుకే ఆసుపత్రి నుంచి వెళ్లిన నమోదులో తల్లి పేరు, తండ్రి పేరు ఉంటాయి, బిడ్డ పేరు ఉండవలసిన చోటు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని తర్వాత పూరించుకోవచ్చని తెలియని ఇళ్లు ఎన్నో. పేరు లేని ధ్రువపత్రం ఈ పిల్లదేనని తనిఖీ బల్ల దగ్గర ఎవరు నిరూపించగలరు?

కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి తీరప్రాంతం నుంచి ఎందరో తల్లులు ఇంటిపని కోసం గల్ఫ్ దేశాలకు వెళ్తారు. పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతారు. ఆ ముసలి తల్లికి మనవరాలు ఏ వానలకు పుట్టిందో గుర్తుంటుంది గాని తేదీ గుర్తుండదు. కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో తెలిసిన మనిషి కువైట్‌లో ఉంటుంది. ఇక వరదల సంగతి చెప్పాలా? 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రానికి వెళ్లింది. లంకల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు ముందు పిల్లల్ని, తర్వాత పశువుల్ని గట్టు మీదికి చేరుస్తారు. బీరువా అడుగున ఉన్న కాగితం గుర్తొచ్చేసరికి అది తడిసి ముద్దయి ఉంటుంది.

ఇవన్నీ అమాయకపు తప్పులు. తెలిసి చేసే తప్పులు వేరే ఉన్నాయి. వాటిని దాచిపెట్టి రాయడం మా పని కాదు. జాతీయ స్థాయిలో ఆడినట్టు ఒక ధ్రువపత్రం ఉంటే చదువుల్లో, ఉద్యోగాల్లో క్రీడా కోటా తలుపు తెరుచుకుంటుంది. ఆ ఆశ కొందరు పెద్దల చేత అడ్డదారి తొక్కిస్తుంది. పైతరగతి పిల్లవాణ్ని కింది విభాగంలో నిలబెట్టడం, బడి మానేసిన కుర్రాడికి మళ్లీ హాజరుపట్టీలో పేరు పుట్టించడం, ఆగస్టులో ఒక ఆటగాణ్ని చేర్చుకుని పోటీలు ముగిశాక పంపేయడం ఎక్కడైనా చూసేవే. అరువు తెచ్చిన ఆటగాడితో గెలిచిన బడికి కప్పు దక్కుతుంది. ఏడాదంతా ఎండలో చెమటోడ్చిన ఆ బడి పిల్ల బెంచీ మీద కూర్చుంటుంది. ఇలాంటి ప్రతి ఫారం కింద ఒక పెద్దమనిషి సంతకం ఉంటుంది. దొరికినప్పుడు వెనక్కి పంపేది మాత్రం పిల్లవాణ్ని. సంతకం చేసినవారు మరుసటి ఏడాది మళ్లీ అదే బల్ల దగ్గర కనిపిస్తారు. మాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

ఎముకల పరీక్షతో అంతా తేలిపోతుందని కొందరు నమ్ముతారు. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి, ఎముకల ఎదుగుదలను బట్టి వయసు లెక్కగట్టే టీడబ్ల్యూ3 పద్ధతి మంచి సాధనమే. కానీ అది అంచనా మాత్రమే. ఎదుగుదల అందరిలో ఒకేలా ఉండదు. కడుపు నిండా తిండి లేని పిల్లల్లో ఎముకలు వెనకబడతాయి, త్వరగా ఈడేరిన పిల్లల్లో ముందుకు పోతాయి. నెలల తేడాతో ఒక పిల్ల భవిష్యత్తును తేల్చేయడానికి ఆ ఒక్క ఎక్స్‌రే చాలదు. అనుమానం గట్టిగా ఉన్నచోట కాగితాలకు తోడుగా దాన్ని వాడాలి.

కేంద్ర క్రీడా శాఖ వయసు మోసాలపై జాతీయ నియమావళిని 2010లో తెచ్చింది. దాన్ని మార్చేందుకు 2025లో విడుదల చేసిన ముసాయిదాలో రెండు అంశాలు మాకు నచ్చాయి. ఒకటి, అక్రమానికి తోడ్పడిన శిక్షకులకు, అధికారులకు కూడా శిక్ష ఉండాలనడం. రెండు, తమ తేదీ తప్పని తామే ముందుకొచ్చి చెప్పినవారికి ఒకసారి ఆరు నెలల గడువిచ్చి, శిక్ష లేకుండా సరైన విభాగంలోకి మార్చాలనడం. ఆ రెండో అంశాన్ని జిల్లా స్థాయి బడి పోటీలకూ తేవాలి. చెబితే పిల్లను శాశ్వతంగా దూరం పెడతారన్న భయం ఉన్నంతకాలం ఏ తండ్రీ నిజం చెప్పడు.

అమెరికాలో ఉన్నత పాఠశాలల పోటీల మీద పెద్ద వ్యవస్థే ఉంది. టెక్సాస్ రాష్ట్రంలో సెప్టెంబరు 1 నాటికి 19 ఏళ్లు నిండనివారే ఆడాలి. అక్కడ 1984లో చేసిన చట్టం ప్రకారం పాసు కానివారికి కొంతకాలం ఆట ఉండదు. వందకు 70 మార్కులు రావాల్సిందే. మార్కుల నిబంధన మనకు వద్దని మా స్థిరాభిప్రాయం. పదో తరగతి అనగానే పిల్లల్ని మైదానం వైపు చూడనివ్వని ఇళ్లు మనవి. లెక్కల్లో వెనకబడిన పిల్లవాణ్ని బడికి రప్పిస్తున్నది సాయంత్రం ఖోఖో ఒక్కటే అయితే, దాన్నీ లాక్కుంటే ఆ పిల్లవాడు రొయ్యల చెరువు గట్టు మీద కాపలా పనికో, కొబ్బరికాయల వలుపుకో పోతాడు. టెక్సాస్ నుంచి నేర్చుకోదగ్గది వేరే ఉంది. బడి మారిన విద్యార్థి ఆడాలంటే పాత బడి, కొత్త బడి రెండూ సంతకం చేసిన పత్రం జిల్లా కమిటీకి వెళ్తుంది. ఆట కోసమే మారారా లేదా అన్నది పోటీకి ముందే తేలుతుంది. మన దగ్గర ఆ పద్ధతి ఉంటే అరువు ఆటగాళ్ల బెడద చాలావరకు తగ్గేది. గురుకులంలో సీటు వచ్చి జిల్లా మారిన పిల్లకు, అమ్మమ్మ ఊరికి చేరిన గల్ఫ్ తల్లి బిడ్డకు కూడా గౌరవంగా ఆడే దారి దొరికేది.

ఇందుకు కొత్త యంత్రాంగం అక్కర్లేదు. విద్యార్థుల తేదీలు బడుల వివరాలుండే యూడైస్‌లో ఉన్నాయి, చాలామందివి అపార్ అనే విద్యార్థి గుర్తింపులో, ఆధార్‌లో కూడా ఉన్నాయి. జూన్‌లో బడులు తెరిచాక ఒక నెలలోగా ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు అందరి తేదీలను జనన నమోదుతో సరిపోల్చి, తేడా ఉన్నవారి ఇళ్లకు కబురు పంపడానికి ప్రధానోపాధ్యాయుడు, వ్యాయామ ఉపాధ్యాయుడు, సచివాలయ ఉద్యోగి చాలు. ఆటలాడే పిల్లలవే చూస్తే సరిపోదు. ఎవరు ఆటగత్తె అవుతుందో ఆరో తరగతిలో ఎవరికి తెలుసు? వ్యాయామ ఉపాధ్యాయుడే లేని చిన్న బడుల బాధ్యత పక్క ఉన్నత పాఠశాలకు అప్పగించాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పు సాధారణంగా ఒక్కసారే కుదురుతుంది కనుక, తొందరపడి ముందు దాన్ని మార్చుకోవద్దని, జనన నమోదును సరిచేసుకున్నాకే అటు వెళ్లాలని తల్లిదండ్రులకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

అంతా చేసినా కొన్ని తగాదాలు మైదానం దాకా వస్తాయి. పరుగులు, దూకుళ్లు, విసుర్లలో దారి సులువే. అభ్యంతరం రాసుకుని పిల్లను పోటీ పడనివ్వాలి. ఫలితాన్ని నిలిపి ఉంచి, రాష్ట్ర పోటీలకు పేర్లు పంపేలోపు తేల్చాలి. గడియారం చూపిన సమయం ఎక్కడికీ పోదు. కబడ్డీ, వాలీబాల్, ఖోఖోల్లో ఇలా కుదరదు. ఒక్కరు అనర్హులని తర్వాత తేలితే మ్యాచ్ మొత్తం చెల్లకుండా పోతుంది, తప్పు లేని మిగతా పిల్లలు నష్టపోతారు. అందుకే జట్టు ఆటలకు జూలై తనిఖీ పూర్తయిన జాబితా తప్ప మరొకటి అంగీకరించకూడదు. ఆ జాబితాను బడి నోటీసు బోర్డు మీద అంటించాలి. ఊళ్లో ఎవరి వయసెంతో ఊరికి తెలుసు, అభ్యంతరాలు అప్పుడే వస్తాయి.

తణుకు పిల్ల దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల 4×400 మీటర్ల రిలే జట్టులో పరుగెత్తింది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి డబుల్స్ బ్యాడ్మింటన్‌లో ప్రపంచ నంబర్ వన్ స్థానానికి చేరాడు. అతని తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఇలాంటివారు ఇంకెందరు తనిఖీ బల్ల దగ్గర నుంచి వెనుదిరిగి పంటు ఎక్కారో లెక్క ఎవరి దగ్గరా లేదు.

ఒక్క పని మాత్రం వెంటనే మొదలు కావాలి. జననం నమోదై పేరు చేరని పిల్లలకు 15 ఏళ్ల వరకే పేరు చేర్చుకునే వీలుంది. 2012లో పుట్టిన పిల్లకు ఆ గడువు 2027లో ముగుస్తుంది. అసలు జననమే నమోదు కాకుండా ఏడాది దాటినవారికి 2023 చట్ట సవరణ ప్రకారం కోర్టు మెట్లెక్కే పని లేదు, ఆర్డీవో ఉత్తర్వుతో సరిపోతుంది. ఈ రెండు రకాల పిల్లల జాబితాలను కోనసీమ, తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల విద్యాధికారులు వేసవి సెలవులు ముగియకముందే గ్రామ, వార్డు సచివాలయాలకు, ఆర్డీవో కార్యాలయాలకు పంపాలి. లంక ఊళ్లకు మాత్రం ఆ ఉద్యోగులే ఒక రోజు పంటెక్కి వెళ్లాలి. జూలై వచ్చాక వరద ఉంటే అది కూడా కుదరదు.