రాణి ముందు బాగుచేసింది నాణేన్ని

1558లో పాతికేళ్లకే గద్దెనెక్కిన మొదటి ఎలిజబెత్ రాణి ఇంగ్లండును చక్కదిద్దిందని చెప్పే ఒక వ్యాసం చదివాను, అది మతం గొడవల దగ్గరే ఆగిపోయింది. జనం చేతిసంచిలో ఉన్న జబ్బు వేరు. తండ్రి ఎనిమిదో హెన్రీ యుద్ధఖర్చుల కోసం 1544 నుంచి వెండి నాణేల్లో రాగి పెంచుతూ పోయాడు. 92.5 శాతం ఉండాల్సిన వెండి, కొడుకు ఎడ్వర్డ్ హయాంలో 1551కి 25 శాతానికి దిగింది. ముద్ర వేసేముందు బిళ్లల్ని కాల్చి ఆమ్లంలో వేస్తే పైపొరలో రాగి కరిగి తెల్లగా మెరిసేవి. నాణెం మీద హెన్రీ ముఖం మనకేసి చూస్తుంటుంది కదా, అందులో ముక్కే ఎత్తు. ముందు అదే అరిగి ఎర్రబడేది. హెన్రీకి ‘రాగిముక్కు’ అని పేరు ఊరికే రాలేదు!

1560 సెప్టెంబరులో, 6 పెన్నీలకు చెల్లుతున్న టెస్టూన్లనే ఈ కల్తీ వెండి నాణేలను రాణి రెండు రకాలుగా విడగొట్టింది: కాస్త మెరుగైనవి 4½, నాసివి 2¼. చదువురానివాళ్లకూ తెలిసేలా మొదటి రకం మీద కోటగుమ్మపు జాలితలుపు, రెండోదాని మీద వేటకుక్క గుర్తు కొట్టారు. తర్వాత పాతవి కరిగించి మళ్లీ మేలిమి వెండితో పోశారు. 1561లో చిల్లర కోసం 3, 1½, ¾ పెన్నీల నాణేలూ వచ్చాయి. దగ్గరి విలువల నాణేలతో పొరబడకుండా వీటిలో రాణి తల వెనక గులాబీ ఉంటుంది. ¾ నాణెం మహా తెలివైనది: పెన్నీ ఇచ్చి అది వెనక్కి తీసుకుంటే పావు పెన్నీ సరుకు కొన్నట్టే.

అయితే విలువ తగ్గించిన రోజు పాత నాణెం ఎవరి చేతిలో ఉంటే నష్టం వాళ్లదే.