మోచెయ్యి పైకెత్తమని అరిచే నాన్నలకు

శనివారం ఉదయం తొమ్మిది. డాలస్ శివార్లలో మా పేట పార్కు. పదకొండు, పన్నెండేళ్ల పిల్లల బేస్‌బాల్ ఆట నడుస్తోంది. తీగ కంచెకు ఇవతల మడత కుర్చీల్లో మేము, అవతల వాళ్లు. బ్యాట్ పట్టుకుని నిలబడ్డ పిల్లాడు హెల్మెట్‌తో కలిపి తూచినా ముప్పై అయిదు కిలోలు ఉండడు. బంతి విసిరే పిచర్ చెయ్యి వెనక్కి వెళ్లిందో లేదో, నా పక్క కుర్చీలోంచి ఒకాయన దిగ్గున లేచి "మోచెయ్యి పైకెత్తరా! పైకి! బంతి చూడు!" అని అరిచారు. అచ్చ తెలుగులో. పిల్లాడు బుద్ధిగా నాన్న వైపు చూశాడు. బంతి వెళ్లి వాడి వెనక కూర్చున్న క్యాచర్ గ్లవ్‌లో పడింది. అంపైర్ స్ట్రైక్ అన్నాడు, అలాంటివి మూడైతే అవుట్. "చూశారా, చెబితే వినడండీ" అని ఆయన నా దగ్గర వాపోయారు.

చిన్న లెక్క చెబుతాను. పిచర్ నిలబడే చోటి నుంచి బ్యాటర్ పక్కన నేల మీద ఉండే హోమ్ ప్లేటు దాకా 46 అడుగులు. గంటకు 50 మైళ్ల వేగంతో వచ్చే బంతికి ఆ దూరం దాటడానికి సుమారు 0.6 సెకన్లు పడుతుంది. ఆ లోపల బంతిని పసిగట్టాలి, కొట్టాలో వదలాలో తేల్చుకోవాలి, బ్యాట్ తిప్పాలి. ఇన్ని పనుల మధ్య నాన్నగారి మోచేతి సలహా కూడా అమలు చేయాలి. పోనీ ఆ సలహా అయినా సరైనదా అంటే, వెనక మోచెయ్యి మరీ ఎత్తితే బ్యాట్ చుట్టూ తిరిగి ఆలస్యంగా వస్తుందని మా కోచ్ మొత్తుకుంటూనే ఉంటాడు. అయినా ఈ దేశంలో ఏ మైదానానికి వెళ్లినా తండ్రుల నోట మొదట వచ్చేది ఆ మోచెయ్యే. ఎవరు నేర్పారో తెలియదు.

ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. మూడేళ్ల కిందటి దాకా అలా అరిచింది నేనే.

గుంటూరు బ్రాడీపేట సందుల్లో రబ్బరు బంతితో క్రికెట్ ఆడి పెరిగినవాణ్ణి. బంతి గురించి నాకు తెలియనిది ఏముంది అనుకున్నాను. మా అబ్బాయి ఎనిమిదో ఏట లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో చేరగానే ఇంటి వెనక నిలబెట్టి శిక్షణ మొదలుపెట్టాను. "తొందరపడకు, మొదటి రెండు బంతులు వదిలెయ్, కన్ను కుదురుకోనీ" అని చెప్పాను. టెస్ట్ మ్యాచ్‌లో మొదటి గంటకు పనికొచ్చే నీతి అది. ఇక్కడ రెండు మంచి బంతులు వదిలేస్తే రెండు స్ట్రైకులు, మూడోదానికి ఇంటికి. ఒకరోజు వాడు నేను నేర్పిన లేట్ కట్‌ను అద్భుతంగా ఆడాడు. బంతి క్యాచర్ పక్క నుంచి వెనక్కి దూసుకుపోయింది. నేను కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాను. మిగతావాళ్లు నన్ను జాలిగా చూశారు. ఈ ఆటలో అలా వెనక్కి పోయిన బంతికి పరుగు రాదు. అది ఫౌల్.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. నవ్వు రానిది కారులో జరిగింది.

మైదానం నుంచి ఇంటికి ఇరవై రెండు నిమిషాలు. వాడు వెనక సీట్లో కూర్చుని బూట్ల అడుగున ఇరుక్కున్న ఎర్రమట్టిని వేలితో గీకుతూ ఉండేవాడు. నేను ముందు నుంచి పోస్టుమార్టం చేసేవాణ్ణి. మూడో ఇన్నింగ్స్‌లో ఎందుకు కదల్లేదు, ఆ బంతిని రెండో బేస్‌కు ఎందుకు విసిరావు, పక్కింటి అబ్బాయి రెండు హిట్లు కొట్టాడు కదా. కారులో మాత్రం గొంతు పెంచేవాణ్ణి కాదు. ఆ సంగతి అప్పట్లో గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా, మా నాన్నలా నేను అరవను అని. కొన్నాళ్లకు ఆట అయిపోగానే వాడు "నేను వాళ్లతో వస్తాను" అంటూ స్నేహితుడి వాళ్ల వ్యాన్ ఎక్కడం మొదలుపెట్టాడు. పిల్లలిద్దరికీ బాగా కుదిరిందని మురిసిపోయాను. ఒకరోజు మా అమ్మాయి సీటు బెల్టు పెట్టుకుంటూ మామూలుగా అంది: "వాళ్ల కారులో ఆట గురించి మాట్లాడరు నాన్నా, అందుకని."

ఆ తరువాత నేను ఎవరికీ చెప్పకుండా లెక్కలు చదివాను. పెద్దల వృత్తి బేస్‌బాల్ అయిన మేజర్ లీగుల్లో .300 సగటు ఉన్నవాణ్ణి గొప్ప బ్యాటర్ అంటారు. అంటే పదిసార్లలో ఏడుసార్లు తల దించుకుని డగౌట్‌కు తిరిగి వచ్చేవాడన్నమాట. టెడ్ విలియమ్స్ అనే బ్యాటర్ 1941లో .406 కొట్టాడు. ఆ తరువాత అమెరికన్ లీగులో గానీ నేషనల్ లీగులో గానీ సీజన్ మొత్తానికి .400 అందుకున్నవాడు లేడు. నలభై శాతం! మన ఇళ్లలో నలభై మార్కుల ప్రోగ్రెస్ కార్డు తెస్తే ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో ఇది చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మనం నూటికి తొంభై ఎనిమిది తెచ్చినా ఆ రెండూ ఎక్కడ పోయాయని అడిగించుకున్న తరం. ఆ కొలబద్దతో ఈ ఆట దగ్గరికి వస్తే పదేళ్ల పిల్లాడు ప్రతి శనివారం ఫెయిలవుతూనే ఉంటాడు. తొమ్మిదో స్థానంలో బ్యాటింగ్ ఇచ్చారంటే దాన్ని తొమ్మిదో ర్యాంకుగా చదువుకుని కోచ్‌కు మెయిల్ రాసిన తల్లిదండ్రులు నాకు తెలుసు. ఆ కోచ్ పగలు ఉద్యోగం చేసుకుని, సాయంత్రం జీతం లేకుండా వచ్చి మన పిల్లలకు బంతులు వేసే మనిషి.

డబ్బుతో సాయం చేయవచ్చనీ అనుకున్నాను. 350 డాలర్లు పోసి బ్యాట్ కొన్నాను. ఆట మొదలయ్యే ముందు అంపైర్ బ్యాట్లన్నీ పరిశీలిస్తూ దాన్ని తిప్పి చూసి పక్కన పెట్టాడు. లిటిల్ లీగ్‌లో 2018 నుంచి చెక్కవి కాని బ్యాట్ల మీద యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉండాలి. నేను తెచ్చిన దానిమీద ఉన్నది యూ ట్రిపుల్ ఎస్ ఏ ముద్ర. అది బంతిని ఇంకా గట్టిగా తన్నే రకం, వేరే టోర్నమెంట్లకు పనికొస్తుంది. మా వాడు జట్టు సంచిలోంచి రంగు వెలిసిన పాత బ్యాట్ తీసుకుని వెళ్లి ఆ రోజు హిట్ కొట్టాడు. కొత్తది ఇప్పటికీ గరాజ్‌లో ఉంది. మా ఆవిడ దాన్ని చూపుడు వేలితో చూపిస్తూ ఉంటుంది, మాట్లాడదు.

అంపైర్ల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఇక్కడ నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. మన పేటల్లో చిన్నపిల్లల ఆటలకు ప్లేటు వెనక నిలబడేది చాలాసార్లు పదిహేను, పదహారేళ్ల పిల్లలు. కిందటి వసంతంలో మా మైదానంలో ఒక పెద్దమనిషి కంచె పట్టుకుని అలాంటి కుర్రాణ్ణి "కళ్లు కనిపించవా" అని కేకలేశాడు. ఆ అబ్బాయి మాస్కు తీశాడు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ప్లేటు మీది మట్టిని చిన్న బ్రష్‌తో ఊడ్చాడు, అప్పటికే అది శుభ్రంగా ఉంది, మళ్లీ ఊడ్చాడు. తరువాతి వారం నుంచి రాలేదు. న్యూజెర్సీలోని డెప్ట్‌ఫర్డ్ లిటిల్ లీగ్ వాళ్లు 2023లో దీనికి మంచి మందు కనిపెట్టారు. అంపైర్‌ను తిట్టినవాళ్లు మూడు ఆటలకు అంపైరింగ్ చేసి తీరాలి, అప్పటిదాకా మైదానంలో అడుగుపెట్టకూడదు. నన్నడిగితే ప్రతి ఊళ్లోనూ ఈ నియమం పెట్టాలి. ఎవరూ తిట్టకపోయినా పెట్టాలి.

ఇక అమ్మాయి. తను బేస్‌బాల్‌కు చెల్లెలులాంటి సాఫ్ట్‌బాల్ ఆడుతుంది, క్యాచర్. పేరులో సాఫ్ట్ ఉందని ఆ బంతి మెత్తగా ఉంటుందనుకునే బంధువులకు ఒకసారి దాన్ని మోకాలి చిప్ప మీద వేసి చూపించాలని ఉంటుంది. చుట్టుకొలత 12 అంగుళాలు, 40 అడుగుల దూరం నుంచి చెయ్యి గాలిమరలా తిప్పి కింది నుంచి విసురుతారు. టెక్సాస్ ఎండలో ముఖానికి మాస్కు, ఛాతీకి కవచం, కాళ్లకు ప్యాడ్లు కట్టుకుని గంటన్నర గొంతుక్కూర్చుంటుంది. అయినా ఎవరింట్లో భోజనాలకు కలిసినా అబ్బాయిని "ఏం బాబూ, ఎన్ని రన్స్" అని అడుగుతారు, అమ్మాయిని "ఎండకు నల్లబడిపోయావేమిటమ్మా" అంటారు. లిటిల్ లీగ్ పుట్టింది 1939లో, పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో. ఆడపిల్లలకు తలుపు తీసింది 1974లో. అదీ మరియా పెపే అనే పన్నెండేళ్ల అమ్మాయి 1972లో న్యూజెర్సీలోని హోబోకెన్ జట్టుకు పిచర్‌గా ఆడి, మూడు ఆటల తరువాత బయటికి పంపితే, వ్యవహారం న్యాయస్థానాల దాకా వెళ్లాక. సాఫ్ట్‌బాల్ విభాగం మొదలైందీ 1974లోనే. ఇంత పోరాడి తీయించిన తలుపు దగ్గర మనం సన్‌స్క్రీన్ పట్టుకుని నిలబడి నిట్టూరుస్తున్నాం.

నన్ను దారికి తెచ్చింది కూడా తనే. వాళ్ల ఆటకు వెళ్లి ఎప్పటిలాగే ప్లేటు వెనక కంచె దగ్గర కుర్చీ వేసుకున్నాను. రెండో ఇన్నింగ్స్ అయ్యాక, ప్యాడ్లతో టకటకమంటూ కంచె చుట్టూ తిరిగి వచ్చి, "లే నాన్నా" అంది. నేను లేచాను. కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని ఎడమ వైపు ఔట్‌ఫీల్డ్ కంచె చివర దాకా నడిచింది. అక్కడ వేసి, "ఇక్కడి నుంచి నీకు అంతా కనిపిస్తుంది, నాకు నువ్వు కనిపిస్తావు" అని పరుగెత్తుకుంటూ వెళ్లిపోయింది. వినిపించవు అన్న మాట అనలేదు. మర్యాద తెలిసిన పిల్ల.

అప్పటి నుంచి వాళ్ల ఆటల్లో అదే నా చోటు.

భుజాల గురించి కూడా ఒక మాట. లిటిల్ లీగ్‌లో పిచర్ రోజుకు ఎన్ని బంతులు వేయవచ్చో వయసును బట్టి హద్దు ఉంది. తొమ్మిది, పదేళ్లవాళ్లకు 75, పదకొండు, పన్నెండేళ్లవాళ్లకు 85. 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి. బాగానే ఉంది, కానీ ఆ పిల్లాణ్ణే ఆదివారం ఊరూరా తిరిగే ట్రావెల్ జట్టులో వేయించి, అక్కడి లెక్క ఇక్కడ చెప్పని తండ్రులున్నారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచర్ మోచేతికి మొదటిసారి చేసిన శస్త్రచికిత్స ఇప్పుడు హైస్కూలు పిల్లలకు చేస్తున్నారు. ఎందుకింత ఆత్రం అంటే కాలేజీ స్కాలర్‌షిప్ అంటారు. కాలేజీ ఆటల్లో పై శ్రేణి అయిన డివిజన్ వన్‌లో ఒక బేస్‌బాల్ జట్టు మొత్తానికి ఏళ్ల తరబడి ఉన్నవి 11.7 స్కాలర్‌షిప్పులు, వాటిని ముక్కలు చేసి పంచేవారు. 2025లో నియమాలు మారాయి, నిజమే. కానీ పదకొండేళ్ల మోచెయ్యి మారలేదు.

మరి ఏం చేయాలి అని అడుగుతారు. చేతినిండా పని ఉంది. మైదానం దానంతట అది చదును కాదు. ఆటకు ముందు ఇనప చాపను తాడుతో లాగుతూ ఇన్‌ఫీల్డ్ మట్టి సమం చేయాలి, సున్నం గీతలు గీయాలి, నీళ్ల డబ్బాలో ఐసు నింపాలి. తినుబండారాల కొట్టులో వంతులు ఉంటాయి. అన్నిటికంటే మంచిది స్కోరు పుస్తకం రాయడం. మూడు స్ట్రైకులతో అవుటైతే, అంటే స్ట్రైకవుట్ అయితే, ఇంగ్లీషు అక్షరం కె రాస్తారు: చివరి బంతికి బ్యాట్ తిప్పి అవుటైతే మామూలు కె, నిలబడి చూస్తూ అవుటైతే తిరగేసిన కె. ప్రతి బంతికీ పెన్సిల్ కదలాలి కాబట్టి అరవడానికి తీరిక ఉండదు. పైగా మన పిల్లాడొక్కణ్ణే చూడడం కుదరదు, ఇరవై మందినీ చూడాల్సి వస్తుంది. మోచెయ్యి నాన్నగారికి నేను నీతులేమీ చెప్పలేదు. "కళ్లజోడు మరిచిపోయానండీ, కాస్త మీరు రాయగలరా" అని పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. కళ్లజోడు నా జేబులోనే ఉంది. ఆరో ఇన్నింగ్స్ అయ్యేసరికి అవతలి జట్టు కుర్రాడి గురించి "ఈ పిల్లాడు బాగా ఓపికస్థుడండీ" అన్నారాయన.

2022 ఆగస్టులో టెక్సాస్‌లోని వేకోలో జరిగిన లిటిల్ లీగ్ ప్రాంతీయ పోటీలో ఒక బంతి నేరుగా బ్యాటర్ తలకు, హెల్మెట్ మీద తగిలింది. ఆ అబ్బాయి కింద పడి, లేచి, నియమం ప్రకారం మొదటి బేస్‌కు వెళ్లాడు. వేసిన పిచర్ అక్కడే నిలబడి ఏడుస్తున్నాడు. దెబ్బ తిన్నవాడు బేస్ వదిలి వెళ్లి వాణ్ణి కౌగిలించుకున్నాడు. మనలో చాలామంది ఆ వీడియో చూసే ఉంటారు. కంచె వెనక నుంచి కేకవేసి చేయించగలిగే పని కాదు అది.

మొన్న శనివారం మా వాడు మూడుసార్లు స్ట్రైకవుట్ అయ్యాడు. రెండు మామూలు కె, ఒకటి తిరగేసిన కె. నా దగ్గర రాసి ఉంది. వాడు ఇప్పుడు మా కారులోనే వస్తున్నాడు, ముందు సీట్లో కూర్చునేంత పెద్దవాడు కాలేదు గానీ వెనక నుంచి ఏసీ గురించి ఆజ్ఞలు ఇస్తాడు. ఆకలేస్తోందన్నాడు. పెట్రోలు బంకు దగ్గర ఆపి చిప్స్ కొన్నాను. పన్నెండు నిమిషాలు ఎవరమూ మాట్లాడలేదు. ఆ తరువాత వాడే అన్నాడు: "ఆ చివరి బంతి ప్లేటు దగ్గర కిందికి జారింది నాన్నా. నేను చూశాను. చూసి కూడా తిప్పేశాను."

మోచెయ్యి గురించి ఒక మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెయ్యి వెనక్కి చాపితే వాడు పొట్లం అందించాడు. నాలుగు చిప్స్ ఒక్కసారే నోట్లో కుక్కుకున్నాను.