రెండు బైట్లు మిగిల్చిన కోడ్ గోల్ఫ్ గారికి

మహారాజశ్రీ కోడ్ గోల్ఫ్ గారికి,

ఉభయకుశలోపరి.

అతి తక్కువ బైట్లలో ప్రోగ్రామ్ రాసినవారిదే గెలుపనే పోటీ మీరు. కనుక ఈ ఒక్క మాటకే మీ ప్రాణం విలవిల్లాడి ఉంటుంది. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, దాని పక్కన చేరే ప్రతి గుణింతపు గుర్తుకు మరో మూడు. ఆ లెక్కన ‘ఉభయకుశలోపరి’ విలువ 33 బైట్లు. మీరేమో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లంబకోణ త్రిభుజపు కర్ణాన్ని 22 బైట్లలో తేల్చేస్తారు. నేను మీ క్షేమం అడిగి ముగించేలోగా మీరు ఒక త్రిభుజాన్ని పూర్తిగా, మరో త్రిభుజాన్ని సగం కొలిచేయగలరన్నమాట. ఇంత పొదుపరికి ఉత్తరం రాయడం సాహసమే. అయినా రాస్తున్నాను. మీరు మిగిల్చానంటున్న అక్షరాలన్నీ ఎక్కడికి పోతున్నాయో ఎవరో ఒకరు అడగాలి కదా.

మీ పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసు. 1999 ప్రాంతంలో పెర్ల్ భాష రాసేవాళ్ల మధ్య మీకు ఈ పేరు పడింది. అసలు గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలతో బంతిని గుంతలో వేసినవాడు గెలుస్తాడు. మీ దగ్గర తక్కువ బైట్లతో జవాబు రాబట్టినవాడు. తేడా ఒక్కటే. అక్కడ బంతి గుంతలో పడిందో లేదో అందరూ కళ్లారా చూస్తారు. ఇక్కడ భుజాలు 3, 4 ఇస్తే కర్ణం 5 వచ్చిందా అని చూసి చప్పట్లు కొట్టేస్తారు.

ముందు మీ పొదుపు సంగతి. పైథాన్‌లో మామూలుగా రాసేవాడు, పిలిస్తే లెక్క చేసిపెట్టే కోడ్ ముక్క అయిన ఫంక్షన్‌కు ఒక పేరు పెడతాడు, భుజాలకు అర్థమయ్యే పేర్లు పెడతాడు, మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఖాళీలు వదులుతాడు. మీరు వచ్చీ రాగానే ఖాళీలు తుడిచేస్తారు. భుజాలు ‘ఎ’, ‘బి’ అనే ఇంగ్లీషు అక్షరాలైపోతాయి. వర్గం చేయడానికి ‘ఎ**2’ అంటే నాలుగు బైట్లు కదా, ‘ఎ*ఎ’ అంటే మూడే. వర్గమూలం ఫంక్షన్‌ను పిలవడానికి ముందే రాసిపెట్టిన కోడ్ ఉండే లైబ్రరీ తలుపు తట్టాలి, దానికి ఖర్చు; అందుకని సగం ఘాతానికి హెచ్చిస్తారు. ఆ సగాన్ని కూడా 0.5 అని నిండుగా రాయరు. సున్నాను మింగేసి ‘.5’ అంటారు. సున్నాకు విలువ లేదన్న మాటను ఇంత నిక్కచ్చిగా అమలు చేసినవారు మరొకరు లేరు. ఇంత చేసినా మొత్తం 30 బైట్లు తేలుతుంది. అప్పుడు ఫంక్షన్‌కు పేరెందుకని దాన్నీ పీకేసి, లాంబ్డా అనే అనామక రూపంలోకి దింపి 24కు తెస్తారు. పేరు లేని ఫంక్షన్‌ను ఎలా పిలవాలని అడిగితే, అది పిలిచేవాడి ఖర్చు, పోటీదారుడిది కాదని నియమావళి చూపిస్తారు.

మీ నియమావళి గురించి వేరే చెప్పుకోవాలి. రెండు భుజాలను ఏ రూపంలోనైనా తీసుకోవచ్చనే వెసులుబాటు ఉందనుకోండి. వెంటనే ఒక మేధావి లేచి, ‘నాకు భుజాలు రెండూ కలిపి, వాస్తవ భాగం ఒకటి, కల్పిత భాగం ఒకటి ఉండే ఒకే సంకీర్ణ సంఖ్యగా ఇవ్వండి’ అంటాడు. అలా ఇస్తే పైథాన్‌లో సంఖ్య పరిమాణాన్ని చెప్పే మూడక్షరాల ‘ఏబీఎస్’ చాలు, పని అయిపోయింది. నిజానికి అయిపోలేదు. పనంతా అడిగినవాడి చేత చేయించుకుని, మిగిలిన చివరి అడుగు తాను వేసి, మూడు బైట్లని చాటింపు వేసుకుంటున్నాడు.

అటుపైన జె అనే భాష ఉంది. ఏపీఎల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త కెన్నెత్ ఐవర్సన్, రోజర్ హూయితో కలిసి 1990లో తెచ్చిన భాష ఇది. అందులో కర్ణం అంటే నాలుగు గుర్తులు: ఒక నిలువు గీత, ఒక ఎట్ గుర్తు, జె అనే అక్షరం, ఒక చుక్క. నాలుగే బైట్లు. ఎడమవైపు 3, కుడివైపు 4 పెడితే 5 వస్తుంది. తెలుగులో ‘కర్ణం’ అని రాయడానికే 15 బైట్లు కావాలి. నేను పేరు పలికేలోపు మీరు మూడుసార్లు లెక్క కట్టి, నాలుగోసారికి సిద్ధమవుతారు. ఆ నాలుగు గుర్తులనూ తొలిసారి చూసినవాడికి అది ప్రోగ్రామా, కీబోర్డు మీద పిల్లి నడిచిన జాడా అన్న అనుమానం మాత్రం రాక తప్పదు.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. మీ పొదుపు అసలు పొదుపు కాదు, బదిలీ. మీరు తగ్గించిన బరువు మాయమైపోదు, ఇంకొకరి భుజానికి మారుతుంది. మీరు రెండక్షరాలతో పిలిచి పని చేయించుకునే ప్రతి ఫంక్షన్ వెనుక ఎవరో ఓపిగ్గా రాసిన పొడవాటి కోడ్ ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ సంస్థ వారు 1993 నాటి గణిత లైబ్రరీలో ఇదే కర్ణానికి రాసిన ఫైలు వంద వరుసలు దాటుతుంది. అందులో చాలా భాగం చదివేవాళ్ల కోసం రాసిన వ్యాఖ్యలే. ఏ సందర్భంలో దోషం ఎంత ఉంటుంది, ఏ సంఖ్య వస్తే ఏమి చేయాలి అని వాళ్లు నిలబడి ఆలోచించారు. అందులో ఒక చోటు నాకు మరీ ఇష్టం. ఒక భుజం రెండోదానికంటే 2 ఘాతం 60 రెట్లకు మించి పెద్దదైతే, ఆ కోడ్ వర్గాలూ మూలాలూ అన్నీ వదిలేసి రెంటినీ కూడి ఇచ్చేస్తుంది. అంత తేడా ఉన్నప్పుడు చిన్న భుజం ఉన్నా లేనట్టే కదా. అది బద్ధకం కాదు, కొలిచి చూసుకున్న నిర్లక్ష్యం. 1983లో క్లీవ్ మోలర్, డొనాల్డ్ మోరిసన్ అసలు వర్గమూలమే వాడకుండా కర్ణాన్ని రాబట్టే పద్ధతి ప్రకటించారు. రెండు మూడు చుట్లు తిరిగేసరికి జవాబు దాదాపు పూర్తి కచ్చితత్వంతో వచ్చేస్తుంది. ఇంతమంది ఇంత కష్టపడింది దేనికో మీకు పట్టదు. మీకు పట్టేది ఆ ఫంక్షన్ పేరులో ఎన్ని అక్షరాలున్నాయనేది.

వాళ్లు దేనికి కష్టపడ్డారో నేను చెబుతాను, ఒక్క నిమిషం ఓపిక పట్టండి. ఇది మీకు కొత్త అనుభవం కావచ్చు.

జావా అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో రెండు భుజాలనూ మామూలు పూర్ణాంకాలుగా తీసుకుని ‘ఎ*ఎ+బి*బి’ రాయండి. రెండు భుజాలూ 32,767 ఇవ్వండి. సరైన జవాబే వస్తుంది. ఇప్పుడు రెంటికీ ఒక్కటి కలిపి 32,768 చేయండి. ఒక్కో వర్గం 2 ఘాతం 30. రెండూ కలిస్తే 2 ఘాతం 31. జావా పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647. మనకు వచ్చింది దానికంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. ఆ ఒక్కటితో మొత్తం గిర్రున తిరిగి మైనస్ 2,14,74,83,648 అయి కూర్చుంటుంది. భుజాల వర్గాల మొత్తం రుణసంఖ్య! దానికి వర్గమూలం అడిగితే జావా చేతులెత్తేసి ‘ఇది సంఖ్య కాదు’ అని రాసిస్తుంది. మిల్లీమీటర్లలో కొలిచేవాడికి 32,768 అంటే 33 మీటర్లు కూడా కాదు. అంతమాత్రం చతురస్రపు హాలుకు ఈ మూల నుంచి ఆ మూలకు దూరమే లేదని మీ ప్రోగ్రామ్ తీర్పు చెబుతుంది.

దశాంశ సంఖ్యలైతే గండం తప్పుతుందా? గండం దూరం జరుగుతుంది, అంతే. సాధారణంగా వాడే 64 బిట్ల సంఖ్యలో సుమారు 1.8 ఇంటూ 10 ఘాతం 308 వరకు పడుతుంది. భుజాలు 10 ఘాతం 200 చొప్పున ఉంటే కర్ణం అందులో సుఖంగా ఇమిడే సంఖ్యే. కానీ మధ్యలో మీరు చేసిన వర్గం 10 ఘాతం 400. అది పట్టదు కనుక జవాబు అనంతం. తిరగేసి, భుజాలు 10 ఘాతం మైనస్ 200 ఇస్తే వర్గాలు మరీ చిన్నవై సున్నాలో కలిసిపోతాయి. భుజాలు రెండూ ఉన్నాయి, కర్ణం మాత్రం సున్నా. యూక్లిడ్ ఈ త్రిభుజాన్ని చూడకపోవడం ఆయన అదృష్టం.

ఇక్కడ నాకే కొంచెం ఇబ్బందికరమైన సంగతి ఒకటి చెప్పక తప్పదు. మీ 24 బైట్ల ప్రోగ్రామ్ ఇలా బోర్లా పడితే, దానికంటే రెండు బైట్లు తక్కువున్న మీ 22 బైట్లది నిలబడుతుంది. అందులో మీరు ఒక భుజాన్ని వాస్తవ అక్షం మీద, రెండోదాన్ని కల్పిత అక్షం మీద పెట్టి ఒక సంకీర్ణ సంఖ్యను తయారుచేశారు. మూలబిందువు నుంచి ఆ సంఖ్య ఎంత దూరంలో ఉందని అడిగారు. ఆ దూరమే కర్ణం. చక్కటి ఆలోచన, ఒప్పుకుంటాను. తరగతి గదిలో సంకీర్ణ సంఖ్య మాపం ఎందుకో తెలియక బిక్కమొహం వేసే పిల్లలకు ఈ ఒక్క వరుస చూపిస్తే బాగుండును. పైగా పైథాన్ ఆ దూరాన్ని లెక్కించడానికి లోపల అలాంటి జాగ్రత్తపరులు రాసిన కర్ణం ఫంక్షన్‌నే ఆశ్రయిస్తుంది. అందువల్ల 10 ఘాతం 200 ఇచ్చినా బెదరదు, 10 ఘాతం మైనస్ 200 ఇచ్చినా కర్ణాన్ని పోగొట్టుకోదు. అయితే మీరు దాన్ని ఎన్నుకున్నది అనంతానికి భయపడి కాదు, రెండు బైట్లకు ఆశపడి. పుణ్యం దక్కింది గానీ సంకల్పం చెప్పుకోలేదు.

క్లుప్తత మీతోనే పుట్టిందని అనుకుంటారేమో. అర్ధమాత్ర తగ్గితే వైయాకరణులు కొడుకు పుట్టినంత పండుగ చేసుకుంటారని పాత మాట. పాణిని సుమారు నాలుగు వేల సూత్రాలు చెప్పి, చిట్టచివరి సూత్రంగా ‘అ అ’ అన్నాడు. అంతే, రెండు అకారాలు. మీరు చూస్తే కుళ్లుకుని చస్తారు. కానీ సూత్రానికి పూర్వులు చెప్పిన లక్షణాల వరుసలో ‘అల్పాక్షరం’ మొదటిదైతే ‘అసందిగ్ధం’ రెండోది. మీరు మొదటిదాని దగ్గర దిగిపోయి, రెండోదాని వైపు చూడనైనా లేదు. ఈ త్రిభుజం సంగతే తీసుకోండి. బౌధాయనుడి శుల్బసూత్రం దీన్ని ఒక్క వాక్యంలో చెప్పింది: దీర్ఘచతురస్రానికి ఐమూలగా పట్టిన తాడు ఎంత వైశాల్యాన్ని చేస్తుందో, పక్క కొలత, అడ్డు కొలత విడివిడిగా చేసే వైశాల్యాలు కలిపితే అంత. అది విన్నవాడు తాడు పట్టుకుని నేల మీద గీసుకోగలడు. మీ నిలువుగీత, ఎట్, జె, చుక్క చదివినవాడు ఏమి పట్టుకోవాలి?

ఆ మాటకొస్తే మీ వాళ్లకూ ఇది తెలుసు. లేకపోతే నాలుగు బైట్ల ప్రోగ్రామ్ కింద ఒక్కో గుర్తుకు ఒక్కో వరుస చొప్పున అంత పెద్ద వివరణ ఎందుకు రాస్తారు? ఈ గీత ఏమి చేస్తుంది, ఆ చుక్క ఎవరితో కలుస్తుంది, రెండూ కలిసినప్పుడు ఎడమవైపు సంఖ్య ఎటు పోతుంది అని పేజీ నిండా భాష్యం. ఆ భాష్యానికి మాత్రం బైట్లు లెక్కపెట్టరు. అది కూడా కలిపి లెక్కపెట్టమనే ఒక్క నియమం పెట్టి చూడండి. పేర్లు, ఖాళీలు, వ్యాఖ్యలతో నిండుగా రాసిన మామూలు ప్రోగ్రామ్ మొదటి బహుమతి ఎగరేసుకుపోతుంది. మీరు పెట్టరని నాకు తెలుసు.

పెట్టకపోయినా పరవాలేదు. ఉన్న నియమాలతోనే నేనూ ఒక ప్రోగ్రామ్ పంపుతున్నాను, పోటీకి స్వీకరించగలరు. లాంబ్డా, ఎ, బి, తర్వాత ‘బి+1’. మొత్తం 14 బైట్లు. మీ 22 కంటే ఎనిమిది తక్కువ. వర్గాలు లేవు, మూలాలు లేవు, సంకీర్ణ సంఖ్యలు అసలే లేవు. మీ అలవాటు ప్రకారం 3, 4 ఇచ్చి చూడండి, 5 వస్తుంది. 5, 12 ఇవ్వండి, 13. 7, 24 ఇస్తే 25. 9, 40 ఇస్తే 41. 11, 60 ఇచ్చినా 61 అని తడుముకోకుండా చెబుతుంది. చిన్న భుజం బేసి సంఖ్య అయి, దాని వర్గాన్ని పక్కపక్క సంఖ్యల మొత్తంగా విడగొట్టగా వచ్చే త్రిభుజాలన్నిటికీ ఇది దివ్యంగా పనిచేస్తుంది. ఈ వరుసను కనిపెట్టిన ఘనత పైథాగరస్‌దేనని ప్రాచీన గ్రీకు వ్యాఖ్యాత ప్రోక్లస్ రాశాడు కూడా, కనుక సిఫారసు చిన్నదేమీ కాదు.

న్యాయనిర్ణేతలకు ఒక్కటే మనవి. 8, 15 మాత్రం ఇవ్వకండి.

ఇట్లు,
మీరు వదిలేసిన అక్షరాలను ఏరుకునే ఒక పాఠకుడు