చెట్టు చాటు కెమెరా
స్పీడ్ గన్లు, అంటే బండ్ల స్పీడు కొలిచే కెమెరాలు, పెడితే యాక్సిడెంట్లు తగ్గుతయని వార్తల రాసిన్రు. సరే, కాదనను. కానీ హన్మకొండ నుంచి హుజూరాబాద్ పోయే తొవ్వల మొన్న నా బైకుకు పడ్డ చలానా సంగతి ఇనున్రి. స్పీడ్ లిమిట్ బోర్డు యాడా కనవడలే, గన్ మాత్రం చింతచెట్టు చాటుకున్నది. ఇంటికొచ్చినంక ఫోన్ల మెసేజ్: 1000 రూపాయలు, యూజర్ ఛార్జీలు ఇంకో 35.

అదే రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడ్తరు. రాత్రయితే ఎనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు. వాటిని ఏ గన్ పట్టది?

2023 డిసెంబర్ల మన తెలంగాణల కట్టకుండ ఉన్న బైకుల చలాన్లకు 80 శాతం రాయితీ ఇచ్చిన్రు. అప్పటికే టైముకు కట్టినోన్ని, నాకేం మిగిలింది? మా బావమరిది ఇప్పటికీ కడ్తలేడు, మళ్లా ఆఫర్ వస్తదట!